నైంటీ ఎయిట్ తీసేసిన మధ్యాహ్నం

పోయిన నెల మా ఫ్లాట్‌కి కంప్యూటర్ చూడడానికి వచ్చినతను, నేను వాడుతున్న సిస్టం పాతబడిపోయిందనీ, దానికి ఇక అప్‌డేట్లు రావనీ, కొత్తదానికి మారిపోవడమే మంచిదనీ చెప్పాడు. గంటలో అయిపోతుందట. మీరు టీ తాగేలోపు పెట్టేస్తానన్నాడు. రేపు చెబుతాను బాబూ అన్నాను. ఇంత చిన్న విషయానికి రేపటిదాకా ఎందుకన్నట్టు చూసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక రెండు రోజులు కూర్చుని నా ఫైళ్ళన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాను, ఏది కొత్తదాంట్లో తెరుచుకుంటుందో ఏది తెరుచుకోదో నలుగురిని అడిగి తెలుసుకున్నాను, ఆ తర్వాతే పెట్టమన్నాను. ఇప్పుడు ఈ మాటలు ఆ కొత్తదాంట్లోనే రాస్తున్నాను, హాయిగానే ఉంది. కానీ ఆ రెండు రోజుల తాత్సారం నాకు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఇదే నిర్ణయం నేను ఒక్క మధ్యాహ్నంలో, ఎవరినీ అడక్కుండా, ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్నాను. ఆ సంగతి ఎప్పుడో రాయాల్సింది. అమ్మ ఉండగా రాయలేకపోయాను.

అప్పుడు మేం ఫిలింనగర్‌లో పల్లం వైపు ఉండేవాళ్ళం. పైన గుట్ట మీద పెద్ద వాళ్ళ బంగళాలు, ఎడిటింగ్ గదులు, ఆఫీసులు. కింద మా వరస ఇళ్ళు. మా ఇంటి యజమాని స్థలంలో ఉన్న బండరాయిని కొట్టించే ఓపిక లేక దాని మీదనే గోడ లేపేశాడు. అందువల్ల వెనక గదిలో ఒక మూల నున్నటి బండ మోకాలెత్తున పొడుచుకొచ్చి ఉండేది. ఎండాకాలంలో కూడా అది చల్లగా ఉండేదని అమ్మ మంచినీళ్ళ కుండ దాని మీద పెట్టేది. నాన్న లైట్ల డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవారు. అవుట్‌డోర్ పడితే నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవారు కాదు. వచ్చినప్పుడు ఆయన చొక్కాల నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చేది, రెండుసార్లు ఉతికినా పోయేది కాదు. అమ్మ పేరు విమల. గుడివాడ వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి, పదో తరగతి చదువుతో, ఎవరూ చెప్పకుండా తనకంటూ ఒక వృత్తిని కుదుర్చుకుంది. సినిమా స్క్రిప్టులకు ఫెయిర్ కాపీ రాసేది. రచయితలు గీకి, కొట్టేసి, పక్కన ఇరికించి ఇచ్చిన కాగితాలను మూడు కార్బన్లు పెట్టి గుండ్రటి అక్షరాలతో తిరగ రాసేది. ఆమె మధ్యవేలి మీద కలం ఆనే చోట గట్టిపడి బఠాణీగింజంత కాయ ఉండేది. విమలగారి అక్షరం అయితే సెట్టులో లైటు తక్కువున్నా చదవొచ్చని అసిస్టెంట్ డైరెక్టర్లు అనేవారు.

తర్వాత ఆఫీసులన్నీ ప్రింటు కాగితాలు అడగడం మొదలుపెట్టాయి. చేతిరాత పని తగ్గుతోందని మిగతావాళ్ళు బాధపడుతూ కూర్చుంటే, అమ్మ జూబ్లీ హిల్స్‌లో మూసేస్తున్న ఒక ఆఫీసు నుంచి వాడిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుంది. అందులో విండోస్ నైంటీ ఎయిట్ ఉండేది, తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ముందే ఎక్కించి ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్‌కి తాళంలా పనిచేసే బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి సీపీయూ వెనక గుచ్చి ఉండాలి, అది లేకపోతే తెరుచుకోదు. నలభై దాటిన మనిషి, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే మనిషి, మీటల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించుకుని రెండు నెలల్లో తెలుగు టైపు నేర్చేసుకుంది. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదాంట్లో అమ్మ కొత్తకు భయపడే మనిషి అని నేను అనుకున్నాను. అంతకంటే పెద్ద పొరపాటు ఉండదు.

ఆ యంత్రం చుట్టూ మా ఇంట్లో ఒక దినచర్య ఏర్పడింది. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టుకు సాంబ్రాణి పట్టించుకుని, కంప్యూటర్ మీద కప్పిన పాత వెంకటగిరి చీర ముక్క తీసి మడిచేది. సీపీయూ నెత్తిన కుంకుమ బొట్టొకటి పెట్టి మీట నొక్కేది. అది గుర్రుగుర్రుమంటూ లేవడానికి పట్టే సమయంలో వంటింట్లోకి వెళ్ళి డికాక్షన్ దించేది. ఒకవైపు కాఫీ వాసన, ఒకవైపు వేడెక్కుతున్న దుమ్ము వాసన, ప్రింటరు రిబ్బను సిరా వాసన, వీటన్నిటి కింద ఇంకా పోని సాంబ్రాణి. వేడెక్కకుండా సీపీయూకి ఒక పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పెట్టేది. ఉక్కపోతగా ఉందని నేను ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పుకుంటే ఊరుకునేది కాదు, మనకి పోస్తే చెమటే కదే అనేది.

తొమ్మిదింటికి మాస్టారు వచ్చేవారు. ఆయన పేరు చెప్పను, మేమెప్పుడూ మాస్టారనే అనేవాళ్ళం. గుట్ట పైన ఉండేవారు. ఒకప్పుడు ఆయన మాటలకు హాళ్ళు ఈలలతో దద్దరిల్లిన మాట నిజమే కానీ, మేం ఎరిగేసరికి నాలుగేళ్ళుగా చేతిలో సినిమా లేదు. చేయి వణికేది, కలం పట్టలేకపోయేవారు. అలాంటి సమయంలో ఒక నిర్మాత పాత అభిమానం కొద్దీ ఒక కుటుంబ కథ రాయమన్నారు. మాస్టారు చెబుతూ ఉంటే అమ్మ నేరుగా కంప్యూటర్‌లో కొట్టేది. ఇంట్లో మనవల గొడవలో మాట రాదని ఆయనే కర్ర పట్టుకుని పల్లానికి దిగి వచ్చేవారు. చెప్పులు గడప బయట, కర్ర తలుపు మూల, బుగ్గన ఒక లవంగం. పేము కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, ఒక్కో పాత్ర మాట ఒక్కో గొంతుతో, కానీ పెద్దగా అరవకుండా, పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు చెప్పేవారు. ప్రతి సీనుకూ ముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. ఈ సీన్లో తలుపు తీసి ఉందా, మూసి ఉందా అనేవారు. మూసి ఉంటే ఒకలా మాట్లాడతారు, తీసి ఉంటే ఇంకోలా మాట్లాడతారు కదా అని. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి ఏదో ఒకటి చెప్పేది. ఆయన తలూపి మొదలుపెట్టేవారు. మాస్టారు ఆమెను ఊరికే అడగడం లేదని, ఆమె చెప్పిన తలుపును బట్టే సీను నడుస్తోందని నాకు అప్పట్లో తట్టలేదు.

నాకు తట్టకపోవడానికి కారణం ఉంది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సులో చేరాను. అక్కడ కంప్యూటర్లన్నిటిలోనూ కొత్త విండోస్ ఎక్స్‌పీ వచ్చేసింది. తెరవగానే నీలం ఆకాశం, పచ్చటి గుట్ట. మాకు నేర్పే సాఫ్ట్‌వేర్ నైంటీ ఎయిట్‌లో నడవదు. ఇంటి దగ్గర సాధన చేయకపోతే కోర్సు ఆఖరున చూపించాల్సిన పని పూర్తికాదు, అది చూపించకపోతే ఉద్యోగం రాదు. నాతో చదివేవాళ్ళందరి ఇళ్ళలోనూ పచ్చటి గుట్టే. మా ఇంట్లో మాత్రం తెర మీద బూడిదరంగు పెట్టెలు. కొత్తది పెట్టిద్దామమ్మా అని అమ్మను మూడు నెలలు సతాయించాను. అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు. మాస్టారి స్క్రిప్టు ఇచ్చేదాకా ఆగు, ఆ తర్వాత నువ్వు ఏది పెట్టమంటే అది పెట్టుకుందాం అంది. ఇంకో నెల అంతే. ఆ నెల నాకు ఏడాదిలా అనిపించింది. వెళ్ళిపోయిన కాలానికి చెందిన ఇద్దరు మనుషులు, వెళ్ళిపోయిన కాలపు యంత్రం ముందు కూర్చుని నా దారికి అడ్డం పడుతున్నారనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అనుకున్నాను.

ఒకరోజు కూకట్‌పల్లిలో పెద్దమ్మ కూతురి సీమంతానికి అమ్మ పొద్దున్నే వెళ్ళింది. మాస్టారికి ఆ రోజు రావద్దని ముందే చెప్పింది. నాన్న రాజమండ్రి దగ్గర షూటింగులో ఉన్నారు. నేను యూసుఫ్‌గూడలో కంప్యూటర్లు బాగుచేసే యాదగిరన్నకు ఫోను చేశాను. మా కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా వచ్చి చూసే మనిషి ఆయనే, అమ్మంటే గౌరవం. సీడీలు పట్టుకుని మధ్యాహ్నం వచ్చాడు. కాసేపు అటూ ఇటూ చూసి, చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు.

"రెండూ ఒక్కదాంట్లనే పెడుదమంటే డిస్కుల జాగ లేదు చెల్లె. కొత్తది పెడితే పాతది మొత్తం పోతది. అమ్మను అడిగినవా?"

"అడిగానన్నా," అన్నాను.

ఆ ఒక్క మాట. ఇప్పటికీ ఆ మాట అన్న నా గొంతు నాకు వినిపిస్తుంది, ఎంత మామూలుగా ఉందో. మరి అమ్మ పని చేసుకునే తెలుగుది సంగతేంటని కూడా అడిగాడు. అన్నీ ఫ్లాపీల్లో ఉన్నాయి కదా అన్నాను. అది అబద్ధం కాదు, అమ్మ ఏ రోజు పని ఆ రోజు ఫ్లాపీలోకి ఎక్కించి పసుపు రంగు డబ్బాలో పెట్టేది. ఫ్లాపీలో ఉన్నది తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలని, అది పాత ఆఫీసువాళ్ళు ఎక్కించి ఇచ్చిందని, దాని సీడీ మన దగ్గర లేదని నేను ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి మా వెనక గదిలో నీలం ఆకాశం కింద పచ్చటి గుట్ట వెలిగింది. నేను దాని ముందు కూర్చుని ఎంత సంబరపడ్డానో.

అమ్మ దీపాలవేళకు వచ్చింది. కాళ్ళు కడుక్కుని, చేతికున్న గాజులు సర్దుకుంటూ గదిలోకి వచ్చి ఆ తెర చూసింది. కోప్పడుతుందని నేను సిద్ధంగా ఉన్నాను, సమాధానాలన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను. అమ్మ కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని, మౌస్ పట్టుకుని తెర మీద ఆ మూల నుంచి ఈ మూలకు మెల్లిగా వెతికింది. కొత్త ఇంట్లో చీకట్లో గోడ తడుముకున్నట్టు. తర్వాత నావైపు తిరిగింది.

"నాదేదే?" అంది.

పసుపు డబ్బా తెచ్చి మొదటి ఫ్లాపీ పెట్టాను. ఫైలు కనిపించింది. తెరిస్తే అన్నీ చుక్కలూ గీతలూ, డాలరు గుర్తులూ, తోకలున్న ఇంగ్లీషు అక్షరాలూ. సినిమా ఆఫీసుకు స్క్రిప్టు ఇవ్వాల్సింది ఇంకా రెండు వారాల్లో. మొదటి సగం అచ్చు వేసి ఇచ్చేశారు. రెండో సగం మొత్తం మూడు ఫ్లాపీల్లో ఉంది, ఇంకెక్కడా లేదు. చేత్తో రాసిన కాగితం ముక్క కూడా లేదు, మాస్టారు రాయలేరు కనుక. ఈసారి ఆలస్యమైతే ఆ నిర్మాత ఇంకో కుర్ర రచయితను చూసుకుంటాడని, మాస్టారికి ఇదే ఆఖరి సినిమా కావచ్చని ఆయనతో సహా మా ముగ్గురికీ తెలుసు. అమ్మ కంప్యూటర్ ఆపేసి దాని మీద చీర ముక్క కప్పింది. రేపు మాస్టారికి నువ్వే చెప్పు అంది.

మర్నాడు గడపలోనే చెప్పాను, ఆయన చెప్పులు విడుస్తుండగా. అమ్మను అడక్కుండా చేశానని, యాదగిరన్నకు అబద్ధం చెప్పానని, అన్నీ చెప్పేశాను. మాస్టారు కర్ర మూలన పెట్టి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగారు. బండ మీది కుండలోంచి ముంచి ఇచ్చాను. నిదానంగా తాగి గ్లాసు కింద పెట్టారు.

"కొత్తది బాగుందా పాపా?" అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. కాదు. నిజంగానే చూపించమన్నారు. తెర వెలిగాక ముందుకు వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఆ గుట్ట ఎక్కడిదని అడిగారు. తెలియదండీ అన్నాను. మన గుట్టలు కూడా వానలు పడ్డాక ఒక వారం ఇలాగే ఉండేవి, ఇళ్ళు కట్టకముందు అన్నారు. తర్వాత అమ్మవైపు తిరిగి, ఏం చేద్దాం విమలమ్మా అన్నారు. డెబ్బై దాటిన మనిషి, నాలుగేళ్ళ తర్వాత చేతికొచ్చిన పని నేల పాలయిందని విని, ముందు ఆ ఇరవై ఏళ్ళ పిల్ల సంతోషం గురించి అడిగారు. ఆ తర్వాత నా జీవితంలో చాలామంది గొప్పవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను, వాళ్ళతో పనిచేశాను. ఆ పెద్దరికం మళ్ళీ చూడలేదు.

నేను ఫోను చేసి చెప్పగానే యాదగిరన్న అదే పూట పరుగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మకే ఒక ఫోను చేసి అడగాల్సి ఉండె, తప్పు నాది గూడ ఉన్నది అని తల దించుకున్నాడు. నీదేం లేదయ్యా అంది అమ్మ. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరైనా ఉందేమోనని అతను రెండు రోజులు తిరిగాడు. అమ్మినవాళ్ళు దుకాణం ఎత్తేసి ఎటో వెళ్ళిపోయారు. చివరికి టోలిచౌకిలో పెళ్ళి కార్డులు అచ్చు వేసే ఖలీల్ భాయ్ దగ్గర అలాంటిదే ఉందని కబురు తెచ్చాడు. అమ్మ పసుపు డబ్బా చేతి సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని షేక్‌పేట మీదుగా ఆటోలో వెళ్ళింది. చిన్న దుకాణం. బంగారు రంగు సిరా వాసన, గోడలకు వేలాడుతున్న నమూనా కార్డులు, ఒకదాని మీద వినాయకుడు, దాని పక్కనే ఇంకోదాని మీద నెలవంక. రెండు కంప్యూటర్లు ఉన్నాయి, ఒకదాంట్లో పచ్చటి గుట్ట, ఒకదాంట్లో మా పాత బూడిదరంగు. అమ్మ ముఖంలో సొంత ఊరి బస్సు కనబడ్డప్పటి వెలుగు వచ్చింది.

"పాతది ఎందుకు తీస్తనమ్మా, నా పెళ్ళి కార్డులన్నీ దాంట్లనే ఉన్నయ్," అన్నాడు ఖలీల్ భాయ్. "ఫొటోల కోసం గా కొత్తది తెచ్చిన. దేని పని దానిది. మీరు కూసోండి."

పెళ్ళిళ్ళ కాలం, దుకాణంలో జనం. అయినా రెండు రోజులు ఆ కంప్యూటర్ అమ్మకు వదిలేశాడు. తన కార్డుల పని అమ్మ భోజనానికి లేచినప్పుడు చేసుకున్నాడు. మాస్టారి స్క్రిప్టు మొదటి ఫ్లాపీ తెరుచుకుంది, అందులోవన్నీ ప్రింటు తీసుకుంది. రెండోది కాస్త మొరాయించి తెరుచుకుంది. మూడోది తెరుచుకోలేదు. లోపల గీసుకుపోతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. యాదగిరన్న కూడా ఏవేవో చేసి చూశాడు. ఆఖరి పద్దెనిమిది సీన్లు అందులో ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ, ఆ కొత్తదాంట్లో తెలుగు కొట్టడం వస్తుందా అని అడిగింది. వస్తుంది కానీ మీటలు వేరుగా ఉంటాయి అన్నాను. నేను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలంటే రోజులు చాలవు, నీ వేళ్ళు చురుకు, నువ్వు నేర్చుకో అంది. ఆ మాటలో శిక్ష లేదు. పని పంచినట్టు చెప్పింది. నేను కోర్సుకు వెళ్ళడం మానేసి, అమ్మ ఒకప్పుడు చేసినట్టే మీటల మీద కాగితం ముక్కలు అంటించుకుని, పగలంతా కూర్చుని, నాలుగు రోజుల్లో ఒక మాదిరిగా నేర్చుకున్నాను. ఒత్తులు ఎక్కడ పడతాయో తెలియక మొదటిరోజు మా ఇంటి పేరు కొట్టడానికే అరగంట పట్టింది. వెనక గదిలో పనుల మీద తిరుగుతున్న అమ్మ మధ్యమధ్య నా వెనక నిలబడి, వేళ్ళు చూడకు, తెర చూడు అనేది. తనకు ఎవరూ చెప్పనిది నాకు చెప్పింది.

అయిదో రోజు మాస్టారు వచ్చి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి, గుర్తు రావడం లేదు విమలమ్మా అన్నారు. చెప్పేసిన మాట నా దగ్గర ఉండదు, చెప్పడంతోనే పోతుంది, మళ్ళీ చెబితే వేరే ఏదో వస్తుంది అన్నారు. ఆ ఒక్కసారే ఆయన గొంతులో భయం విన్నాను. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆ కంప్యూటర్ కొన్న నాటి నుంచి మాస్టారు మాట్లాడుతుంటే అమ్మ చేతులు మీటల మీద లేకపోవడం అదే మొదలు. పళ్ళెం పక్కకు పెట్టి, సీన్ యాభై నాలుగు, తలుపు తీసే ఉంది అంది. ఆ తర్వాత ఆయన చెప్పినదంతా, ఎక్కడ ఆగారో అక్కడ ఆగుతూ, ఎవరి మాట వాళ్ళకు అప్పగిస్తూ చెప్పుకుంటూ పోయింది. నేను కొడుతున్నాను. మాస్టారు వింటున్నారు. మధ్యలో ఒకచోట ఆయన నవ్వారు, తన మాటకు తానే, మొదటిసారి విన్నట్టు.

అలా మూడు రోజులు. అరవై మూడో సీను దగ్గర అమ్మ ఆగింది. కాపురం వదిలి వెళ్ళిపోతున్న భార్య, వెళ్ళేముందు వంటింట్లో భర్తతో మాట్లాడే సీను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఇదివరకటికంటే నెమ్మదిగా, చిన్న చిన్న మాటలు. నేను రెండు పేజీలు కొట్టాను. అమ్మ ముగించాక మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఇది నేను చెప్పలేదే," అన్నారు.

"లేదండీ," అంది అమ్మ. "మీరు చెప్పింది ఎంతకీ గుర్తు రాలేదు. ఆవిడ నిజంగా వెళ్ళిపోతుంటే ఏమంటుందో అది చెప్పాను. మీది గుర్తొస్తే మార్చేద్దాం."

మాస్టారు ఆ సీను నన్ను మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. బుగ్గన ఉన్న లవంగం తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు. నేను చెప్పినదాంట్లో ఆ పిల్ల ఏడ్చింది, ఇందులో ఏడవలేదు, ఇదే ఉంచు అన్నారు. మిగిలిన సీన్లలో ఇంకో రెండు చోట్ల కూడా గుర్తున్నా సరే నీకు తోచిందే చెప్పు అని పట్టుబట్టారు. అమ్మ ఎర్రబడ్డ ముఖంతో వద్దండీ వద్దండీ అంటూనే చెప్పింది. గడువుకు ఒకరోజు ముందు స్క్రిప్టు ఆఫీసుకు చేరింది. సగం పాతదాంట్లో అచ్చయింది, సగం కొత్తదాంట్లో. అక్షరాల రూపం మధ్యలో మారిపోయిందని అక్కడ ఒక్కరూ గమనించలేదు.

నా కోర్సు పని ఆ విడత పూర్తి కాలేదు. యానిమేషన్ ఉద్యోగమూ రాలేదు. మాస్టారు తర్వాతి రచనకు నన్నే టైపుకు కూర్చోబెట్టుకున్నారు, అలా ఆయన కుర్చీ ఎదుట నాలుగేళ్ళు కూర్చుని నేనూ ఈ స్క్రిప్టులు రాసే పనిలోకి వచ్చాను. అమ్మ తన పాత స్క్రిప్టులన్నిటినీ కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలని, పసుపు డబ్బాలోని మిగతా ఫ్లాపీల నుంచి కూడా ఖలీల్ భాయ్ దగ్గర తీసుకున్న ప్రింట్లు పక్కన పెట్టుకుని, కొత్త మీటలు నేర్చుకుని, ఏడాదిపాటు రోజుకు కొన్ని పేజీల చొప్పున తిరిగి కొట్టింది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. కొడుతుంటే మళ్ళీ విన్నట్టుంటుంది, నాకు బాగుంది అంది. యాదగిరన్న ఆ తర్వాత ఎవరి ఇంటికి వెళ్ళినా, ఇంట్లో పెద్దవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాకే సీడీ బయటికి తీసేవాడు.

ఇప్పుడు ఆ పల్లం వైపు వెళితే మా ఇల్లున్న చోట నాలుగంతస్తులు లేచాయి, బండను ఎప్పుడో పగలగొట్టేశారు. పైన మాస్టారి ఇల్లు కాఫీ దుకాణం అయింది. అక్కడ కుర్రవాళ్ళు ఒళ్ళో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని స్క్రిప్టులు రాసుకుంటూ కనబడతారు, నేనూ వెళ్ళి కూర్చుంటుంటాను. నాకు ఈ కాలం మీద ఫిర్యాదు లేదు. ఏ కంప్యూటర్‌లో కొట్టిన తెలుగైనా ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, నేను మరిచిపోయినా అది తనకు తానే దాచుకుంటుంది. అమ్మ పడ్డ బాధ ఇంకెవరూ పడక్కర్లేదు, అది ఎంత మంచి సంగతో ఆ మూడో ఫ్లాపీ చప్పుడు విన్నవాళ్ళకు తెలుస్తుంది. ఒకటే. పోయిన వారం ఒక దర్శకుడు ఫోను చేసి నేను నెల కింద రాసిన సీను గురించి ఏదో అడిగితే, నా మాట నాకు ఒక్కటీ గుర్తు లేదు, ఫైలు తెరిచి చూసి చెబుతానన్నాను. పద్దెనిమిది సీన్లు, అవీ ఇంకొకరి మాటలు, వంట చేస్తూ, ఫ్యాను తిప్పుతూ, మనసులో పెట్టుకున్న మనిషి మా ఇంట్లో తిరిగింది. ఆమె చేతివేళ్ళు మాత్రమే పనిచేస్తున్నాయనుకున్నాను.

ఆ సినిమా ఏడాది దాటాక విడుదలైంది. పెద్దగా ఆడలేదు, రెండు వారాలుంది. మాస్టారు పట్టుబట్టి పేర్లలో 'రచనా సహకారం' అని అమ్మ పేరు వేయించారు. నాన్న కూడా ఊళ్ళోనే ఉండడంతో ముగ్గురం మ్యాట్నీకి వెళ్ళాం. పేరు పడ్డప్పుడు నాన్న నా చేయి గట్టిగా పట్టుకున్నారు. అమ్మ చూసిందో లేదో, తల వంచుకుని కూర్చుంది. వంటింటి సీను వచ్చింది. ఆ భార్య వేషం వేసిన అమ్మాయి డబ్బాలన్నీ చూపిస్తూ, అన్నిటి మీదా పేర్లు రాసి పెట్టాను అని భర్తకు చెబుతుంది. చివరి మాట అమ్మ నాకు చెప్పినప్పుడు 'ఇంక నన్ను అడగక్కర్లేదు' అని. తెర మీద ఆ అమ్మాయి, అతని ముఖంలోకి చూడకుండా, 'ఇంక ఎవరినీ అడగక్కర్లేదు' అంది. సగం ఖాళీగా ఉన్న ఆ హాల్లో అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. నేను పక్కకు తిరిగి అమ్మను చూశాను. ఒక్క అక్షరం తేడా వచ్చినా కనిపెట్టే మనిషి.

సినిమా అయ్యాక బస్టాపు దాకా నడిచాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు, కొంగు భుజం నిండా కప్పుకుంటూ అమ్మ, నాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"'నన్ను' అని చెప్పాను నేను. ఆ పిల్ల 'ఎవరినీ' అంది. 'ఎవరినీ' అంటేనే బాగుంది."